జామీను దొరకని బెయిలు

విశాఖపట్నం కేంద్ర కారాగారం సింహాచలం కొండకు దగ్గరగా అడవివరంలో ఉంది. జైలు అనగానే శిక్ష పడినవారు, విచారణ కోసం ఎదురుచూసేవారు గుర్తుకు వస్తారు. ఏ జైలులోనైనా వీరిద్దరి మధ్య ఇంకొక రకం ఖైదీ ఉంటాడు. అతనికి న్యాయమూర్తి బెయిలు ఇచ్చారు. ఇతన్ని లోపల ఉంచవలసిన అవసరం లేదని కోర్టు రాతపూర్వకంగా తేల్చింది. అయినా అతను అదే బ్యారక్‌లో ఉన్నాడు, ఎందుకంటే పూచీ పడడానికి మనిషి దొరకలేదు. జాతీయ న్యాయసేవల సంస్థ లెక్క తీస్తే దేశంలో ఇలాంటివారు సుమారు 5 వేల మంది తేలారని, న్యాయసహాయం అందించాక వారిలో 1,417 మంది విడుదలయ్యారని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆ 1,417 మంది కేసుల్లో కొత్త సాక్ష్యమేదీ రాలేదు, నేరం స్వభావమూ మారలేదు. ఎవరో ఒకరు వారి కాగితాల గురించి పట్టించుకున్నారు, అంతే.

బెయిలు ఉత్తర్వులో సాధారణంగా కనిపించే వాక్యం ఒకటుంది: ఇంత మొత్తానికి సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు. చదవడానికి చిన్న వాక్యమే. దాని వెనుక ఉన్న పని మాత్రం చిన్నది కాదు. జామీను ఉండే మనిషి తన పేరున ఆస్తి ఉందని చూపాలి. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, ఉద్యోగి అయితే జీతం ధ్రువపత్రమో పట్టుకుని కోర్టుకు రావాలి. ఆస్తి విలువకు రెవెన్యూ అధికారి ధ్రువపత్రం అడిగితే దాని కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి. వాయిదాకు నిందితుడు రాకపోతే పూచీ మొత్తం తానే కట్టాలి. కట్టలేకపోతే, ఆస్తి నుంచి వసూలు కాకపోతే, ఆరు నెలల వరకు సివిల్ జైలుకు పంపే అధికారం కూడా కోర్టుకు ఉంది. ఇంత బరువును సొంత తమ్ముడి కోసం మోయడానికే మనిషి వెనకాడతాడు. నిందితుడు ఒకే ఊరివాడన్న పరిచయం తప్ప మరే సంబంధమూ లేనివాడు ఎందుకు మోస్తాడు?

బెయిలు సంస్కరణ మాట ఎత్తితే ముందుగా అమెరికా ప్రస్తావన వస్తుంది. అక్కడి పద్ధతిలో నిందితుడు నేరుగా డబ్బు కడతాడు. కట్టలేనివాడు బెయిలు వ్యాపారి దగ్గరకు వెళ్తాడు. మొత్తంలో సుమారు పదో వంతు తీసుకుని వ్యాపారి పూచీ పడతాడు, కేసు కొట్టేసినా ఆ రుసుము వెనక్కి రాదు. కలీఫ్ బ్రౌడర్ అనే 16 ఏళ్ల కుర్రవాడిని 2010లో న్యూయార్క్‌లో వీపు సంచి దొంగిలించాడన్న ఆరోపణపై పట్టుకున్నారు. బెయిలు మొత్తం 3 వేల డాలర్లు. ఆ కుటుంబం దాన్ని కట్టలేకపోయింది. విచారణ లేకుండానే అతను మూడేళ్లు రైకర్స్ ద్వీపం జైలులో ఉన్నాడు, అందులో చాలా కాలం ఏకాంత నిర్బంధం. 2013లో కేసు ఎత్తివేశారు. 2015లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. అక్కడి సంస్కరణ ఉద్యమానికి ఆ పేరు ఊపునిచ్చింది. న్యూజెర్సీ 2017 నుంచి డబ్బు బెయిలును దాదాపు పక్కన పెట్టింది. ఇల్లినాయ్ 2023 సెప్టెంబర్ 18 నుంచి పూర్తిగా రద్దు చేసింది.

మన దగ్గర కోర్టు గుమ్మంలో డబ్బు పెట్టమని సాధారణంగా అడగరు, మనిషిని తెమ్మంటారు. పైకి ఇది మానవీయంగా కనిపిస్తుంది. ఆ మనిషికి మాత్రం ఆస్తి ఉండాలి, ఆస్తికి కాగితం ఉండాలి, కాగితానికి విలువ ఉండాలి. ఈ మూడూ ఉన్నవాడు పేదవాడి చుట్టాల్లో ఉండడు కాబట్టి కోర్టుల చుట్టూ డబ్బు తీసుకుని జామీను ఉండే మనుషులు తయారయ్యారు. నకిలీ పన్ను రసీదులతో ఒకే మనిషి పది కేసుల్లో పూచీ పడిన సంగతులు పత్రికల్లో తరచూ వస్తూనే ఉన్నాయి. అమెరికాలో బహిరంగంగా జరిగే వ్యాపారం ఇక్కడ చాటుగా జరుగుతోంది. పేదవాడు చెల్లించే ధర రెండు చోట్లా ఉంది.

ఈ అన్యాయాన్ని మన న్యాయస్థానాలు గుర్తించలేదని అనడానికి వీల్లేదు. అర్ధశతాబ్దం కిందటే గుర్తించాయి. 1977 చివర్లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ బెయిలును స్వేచ్ఛ, న్యాయం, ప్రజల భద్రత, ఖజానాపై పడే భారం అన్నిటితో ముడిపడిన అంశంగా చూశారు. మరుసటి ఏడాది మోతీరామ్ కేసు వచ్చింది. మోతీరామ్ మధ్యప్రదేశ్‌కు చెందిన తాపీమేస్త్రీ. అతనికి బెయిలు ఇచ్చింది సాక్షాత్తూ సుప్రీంకోర్టు. అయినా కింది మేజిస్ట్రేటు 10 వేల రూపాయల పూచీ అడిగారు. సోదరుడు జామీను ఉంటానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. మేస్త్రీ మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తుపై వదిలేయమని కృష్ణయ్యర్ ఆదేశించారు. ఆ తీర్పులో ఆయన వేసిన ప్రశ్న తెలుగువారు గుర్తుపెట్టుకోదగ్గది. ఒక మలయాళీనో, కన్నడిగుణ్నో, తమిళుణ్నో, తెలుగువాడినో బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో పట్టుకుంటే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడు అన్నది ఆ ప్రశ్న.

1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇంకొంచెం ముందుకు వెళ్లారు. బిహార్ జైళ్లలో, తమ మీద మోపిన నేరానికి పడగల గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ లేకుండా మగ్గినవారి సంగతి అది. ఆ తీర్పులో భగవతి న్యూయార్క్‌లో 1961లో మొదలైన మన్‌హట్టన్ బెయిలు ప్రయోగాన్ని ఉదహరించారు. ఆ ప్రయోగంలో నిందితుణ్ని ఎంత డబ్బు ఉందని అడగలేదు. ఎంతకాలంగా ఆ ఊళ్లో ఉంటున్నావు, ఏం పని చేస్తున్నావు, ఇంట్లో ఎవరున్నారు, నీ గురించి మంచి మాట చెప్పేవారెవరు అని అడిగారు. ఊరితో వేళ్లు బలంగా ఉన్నవారిని పూచీ లేకుండా వదిలితే, వాయిదాకు రాకుండా పోయినవారు అతి తక్కువ. మన కోర్టులు కూడా ఇదే కొలతను వాడాలని భగవతి స్పష్టంగా చెప్పారు. అంటే అమెరికా రాష్ట్రాలు 2017లోనూ 2023లోనూ అమలులోకి తెచ్చిన ఆలోచన మన సుప్రీంకోర్టు తీర్పులో 1979 నుంచే ఉంది. అది కింది కోర్టుల రోజువారీ అలవాటుగా మారలేదు.

ఆ కొలతను విశాఖకు అన్వయించి చూస్తే ఈ వ్యవస్థ ఎంత తలకిందులుగా ఉందో అర్థమవుతుంది. పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు, పెదబయలు వంటి మన్యం మండలాల్లో పుట్టిన ఆదివాసీ యువకుడికి ఊరితో ఉన్నంత గట్టి వేళ్లు నగరంలో అపార్ట్‌మెంటు కొనుక్కున్నవారికి కూడా ఉండవు. తాతల నాటి పోడు, ఇంటి చుట్టూ బంధువులు, ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలిసిన ముఖం. పారిపోవడానికి అతనికి వేరే చోటు లేదు. అయినా కాగితాల లెక్కలో అతను నిలవనీడ లేనివాడు. ఏజెన్సీ భూమి 1/70 చట్టం వల్ల గిరిజనేతరుల చేతికి బదిలీ కాదు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసత్వంగా వస్తుందే తప్ప అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. ఈ రక్షణలు ఎంతో పోరాటం తరువాత వచ్చినవి, అవి ఉండితీరాలి. కానీ అమ్మడానికి వీల్లేని భూమికి మార్కెట్ విలువ రాసి, పూచీగా చూపి, కోర్టును ఒప్పించడం కష్టం. గిరిజనుణ్ని కాపాడడానికి చేసిన చట్టమే జామీను దగ్గర అతన్ని ఆస్తి లేనివాడిగా నిలబెడుతోంది.

దీనికి తోడు జిల్లాల విభజన. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పరిపాలన దగ్గరకు రావడం మంచిదే. కానీ మన్యం కుర్రవాడిని విశాఖ నగరంలో పట్టుకుని, స్థానిక జామీను కావాలని పట్టుబడితే, ఇప్పుడతను అక్షరాలా పరాయి జిల్లావాడు. మోతీరామ్ సోదరుడికి ఎదురైన అభ్యంతరమే ఇది. జామీను ఉండడానికి ఊరి నుంచి ఇద్దరు కొండ దిగి రావాలంటే బస్సు ఛార్జీలు, ఒకటి రెండు రోజుల కూలి, ఎక్కడో ఒక రాత్రి బస. పత్రంలో ఒక్క అంకె తేడా వస్తే ఇంకో ప్రయాణం.

నగరంలోని పేదల స్థితి వేరే దారిలో ఇక్కడికే చేరుతుంది. గాజువాక పారిశ్రామిక వాడల్లో పనిచేసే ఒడిశా, బిహార్, బెంగాల్ కూలీలకు ఇక్కడ ఇంటి పన్ను రసీదు ఉన్న బంధువు ఎవరుంటారు? కంచరపాలెంలో అద్దె గదిలో ఉండేవాడికి యజమాని సంతకం పెడతాడా? చేపల రేవులో కూలికి వచ్చినవారికి బోటు యజమాని పూచీ పడడం దయ మీద ఆధారపడిన విషయం, హక్కు కాదు.

విశాఖ జైలు గురించి మాట్లాడుతూ గంజాయి కేసులను దాటేయడం కుదరదు. సామర్థ్యాన్ని మించి కిక్కిరిసిన ఆ జైలులో గంజాయి కేసుల ఖైదీలది పెద్ద వాటా. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో పండే సరుకు విశాఖ, అనకాపల్లి దారుల మీదుగా బయటి రాష్ట్రాలకు పోతుంది. 2021 చివర్లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికివేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. మత్తు వల్ల చెడే కుటుంబాలను చూసినవారెవరూ ఈ చర్యలను తప్పుపట్టరు. కానీ వలలో పడేది ఎక్కువగా మూట మోసినవాడు, బండి తోలినవాడు. సరుకు ఎవరిదో, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలియకపోవచ్చు.

మాదకద్రవ్యాల చట్టంలో గంజాయికి కిలో వరకు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. 20 కిలోలు దాటిన క్షణం నుంచి బెయిలుకు 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉందని, బయటికి వస్తే మళ్లీ నేరం చేయడని న్యాయమూర్తికి తోచాలి. విచారణ మొదలుకాకముందే దాదాపు నిర్దోషినని నిరూపించుకోమనడం ఇది. ఛార్జిషీటుకు మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజులైతే ఇక్కడ 180 రోజులు, ప్రత్యేక కోర్టు ఒప్పుకుంటే ఏడాది వరకు. ఒకే వాహనంలో 200 కిలోలు దొరికితే యజమాని, డ్రైవరు, దారి చూపడానికి ఎక్కిన కుర్రవాడు ముగ్గురి మీదా సాధారణంగా మొత్తం బరువు లెక్కలోకి వస్తుంది.

పాత నేర విచారణ స్మృతి స్థానంలో 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్‌ను చాలామంది పెద్ద ఊరటగా చెప్పారు. గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా గడిపినవారిని విడుదల చేయాలి, గతంలో ఏ నేరానికీ శిక్ష పడనివారైతే మూడో వంతు చాలు. దీన్ని పాత కేసులకూ వర్తింపజేయాలని అదే ఏడాది ఆగస్టు 23న సుప్రీంకోర్టు చెప్పింది. అర్హత వచ్చిన వెంటనే కోర్టుకు తెలిపే బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే లెక్క వేసి చూడండి. వాణిజ్య మొత్తం గంజాయికి గరిష్ఠ శిక్ష 20 ఏళ్లు. దానిలో మూడో వంతు 6 సంవత్సరాల 8 నెలలు. ఇరవై రెండేళ్ల వయసులో లోపలికి వెళ్లిన కుర్రవాడు ఈ ఊరట పొందేనాటికి ముప్పైకి దగ్గరవుతాడు. దోషి అవునో కాదో అప్పటికీ ఎవరూ తేల్చరు. పైగా ఒకటి కన్నా ఎక్కువ కేసులు పెండింగులో ఉంటే ఈ సెక్షన్ అసలు వర్తించదు. జీవిత ఖైదు, మరణశిక్ష పడే నేరాలకు ఈ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది.

కేసుల సంఖ్య పెరిగితే జామీను ఇబ్బంది కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. 2024 ఆగస్టులో గిరీష్ గాంధీ కేసులో ఇదే తేలింది. అతనికి 13 కేసుల్లో బెయిలు వచ్చింది. ప్రతి కేసుకూ వేరే జామీనుదారులు కావాలనడంతో బయటికి రాలేకపోయాడు. మితిమీరిన షరతులతో ఇచ్చే బెయిలు బెయిలే కాదని, ఒకే జామీనుదారులు అన్ని కేసులకూ చాలునని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. పూచీ మొత్తం మితిమీరకూడదని పాత స్మృతిలోనూ ఉంది, కొత్త స్మృతిలోనూ ఉంది. చట్టంలో ఉన్న మాటను అమలు చేయించుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లగలిగినవారు ఎందరు?

2022 నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ముందు, సిద్ధం చేసుకున్న ప్రసంగాన్ని పక్కన పెట్టి, చిన్న కేసుల్లో ఏళ్ల తరబడి మగ్గుతున్న పేదల గురించి మాట్లాడారు. తమవారిని విడిపించుకోవాలంటే ఉన్నదంతా అమ్ముకోవలసి వస్తుందని కుటుంబాలు భయపడతాయన్నారు. ఆదివాసీ కుటుంబంలో పుట్టి ఆ స్థానానికి చేరిన వ్యక్తి నోట వచ్చిన మాట కాబట్టి దానికి బరువు వచ్చింది. రెండు నెలలకే, 2023 జనవరి 31న, సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. బెయిలు ఉత్తర్వును అదే రోజు, లేదంటే మరునాడు జైలుకు ఈమెయిల్‌లో పంపాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవల సంస్థకు చెప్పాలి. నెలలోపు పూచీకత్తు సమర్పించలేకపోతే కోర్టు తనంతట తానే షరతులను సడలించే విషయం పరిశీలించవచ్చు. స్థానిక జామీను కోసం పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని కూడా అందులో రాశారు.

కేంద్ర ప్రభుత్వం అదే ఏడాది పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. ఏటా 20 కోట్ల రూపాయలు, అప్పట్లో విచారణ ఖైదీ ఒక్కొక్కరికి 40 వేల వరకు. అయితే మాదకద్రవ్యాల చట్టం కింద నిందితులకు ఈ పథకం వర్తించదు. దేశంలో ఇంకెక్కడైనా ఈ మినహాయింపు చిన్న విషయం కావచ్చు, విశాఖ జైలుకు మాత్రం పథకంలో పెద్ద భాగం పోయినట్టే. ఈ జైలులో ఆ సహాయం ఎవరికి ఎక్కువగా అవసరమో, సరిగ్గా వారినే పథకం బయట నిలబెట్టింది.

జామీను లేకుండా వదిలితే గంజాయి నిందితులు మాయమవుతారన్న పోలీసుల అభ్యంతరాన్ని తేలికగా తీసిపారేయకూడదు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కొనుగోలుదారులు, తప్పుడు చిరునామాలు ఇచ్చినవారు నిజంగానే తప్పించుకుంటారు. ఒక్క నిందితుడు రాకపోతే మిగతావారి విచారణ కూడా ఆగుతుంది. కానీ జామీను అనే జల్లెడ ఎవరిని ఆపుతోందో చూడాలి. డబ్బున్న కొనుగోలుదారుకు జామీనుదారులు ఒక్క రోజులో దొరుకుతారు, అసలువారైనా, అద్దెకు వచ్చినవారైనా. దొరకనిది మూట మోసినవాడికే. పారిపోయే అవకాశం ఎక్కువగా ఉన్నవాణ్ని వదిలి, తక్కువగా ఉన్నవాణ్ని పట్టి ఉంచే జల్లెడ భద్రతకు కూడా పనికిరాదు. ఊరి పోలీసుస్టేషన్‌లో వారానికోసారి సంతకం, వీడియో ద్వారా హాజరు, వాయిదాకు ముందు ఫోను సందేశం వంటి ఏర్పాట్లకు పెద్ద ఖర్చు కాదు. న్యూజెర్సీలో డబ్బు బెయిలు పోయాక విచారణ ఖైదీల సంఖ్య బాగా తగ్గింది, కోర్టుకు హాజరు మాత్రం పెద్దగా పడిపోలేదు.

ఈ ఆలస్యానికి ఇళ్లు చెల్లించే ధర ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు. 2022 చివరి నాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే నూటికి 75.8 మంది. వీరిలో 11 వేలకు పైగా అయిదేళ్లు దాటినవారు. పని చేసే వయసు మనిషి లోపలుంటే పొలంలో ఒక పంట తప్పుతుంది, అప్పు పెరుగుతుంది, పిల్లవాడు ఆశ్రమ పాఠశాల మానేసి కూలికి పోతాడు. లోపలున్నవాడు తన సాక్షులను వెతుక్కోలేడు, న్యాయవాదితో తీరిగ్గా మాట్లాడలేడు. చిన్న కేసుల్లో చేయని నేరాన్ని ఒప్పుకుంటే, గడిపిన రోజులు శిక్షలో సర్దుబాటై ఇంటికి పోవచ్చన్న ఆలోచన పుడుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) ప్రకారం జైలులో ఉన్నవాడికి ఓటు లేదు. అదే కేసులో జామీను దొరికి బయట ఉన్నవాడు వెళ్లి ఓటు వేస్తాడు. నిర్దోషిగా బయటపడ్డా పోయిన ఏళ్లకు పరిహారం ఇచ్చే చట్టం మనకు లేదు, లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో అడిగినా.

గంజాయి కేసుల్లో కూడా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. విచారణ అంతూపొంతూ లేకుండా సాగుతుంటే 37వ సెక్షన్ ఉన్నా బెయిలు ఇవ్వవచ్చని 2023 మార్చిలో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడేళ్లకు పైగా లోపల ఉన్న మనిషి కేసు అది. ఆ తీర్పు ఆధారంగా బెయిలు తెచ్చుకున్న మన్యం యువకుడు మళ్లీ జామీను దగ్గరే ఆగకుండా చూడడం ఇక్కడి వ్యవస్థ చేతుల్లోనే ఉంది. భగవతి చెప్పిన కొలతకు కొత్త చట్టం అక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు గుర్తింపు ఇచ్చింది. ఇతను మా ఊరివాడు, ఇల్లు ఇదీ, కుటుంబం ఇదీ అని గ్రామసభో, సర్పంచో, ఊరి ఉపాధ్యాయుడో రాసిచ్చిన కాగితాన్ని సొంత పూచీకత్తుకు ఆధారంగా తీసుకోవడానికి న్యాయమూర్తికి ఉన్న విచక్షణాధికారం చాలు. జిల్లా న్యాయసేవల సంస్థలో న్యాయవాదులున్నారు, న్యాయసహాయానికి 15100 ఫోను నంబరు ఉంది, జిల్లా జడ్జి అధ్యక్షతన కలెక్టరు, ఎస్పీ కూర్చునే విచారణ ఖైదీల సమీక్ష సంఘం ఉంది. కేంద్ర పథకం వదిలేసినవారికి రాష్ట్రం తన సొంత నిధి నుంచి ఇవ్వకూడదని ఎక్కడా లేదు.

2023 మార్గదర్శకాల ప్రకారం బెయిలు వచ్చిన తేదీని జైలు సూపరింటెండెంటు ఈ–ప్రిజన్స్ కంప్యూటర్ వ్యవస్థలో నమోదు చేయాలి. అంటే ఎవరికి ఏ తేదీన బెయిలు వచ్చిందో, ఎవరు ఏడు రోజులు దాటి, నెల దాటి లోపలే ఉన్నారో చెప్పే జాబితా అడవివరం జైలు కార్యాలయంలో ఏ సోమవారమైనా తీయవచ్చు. సమీక్ష సంఘం తదుపరి సమావేశం బల్లమీద మొదటి కాగితంగా ఆ జాబితాను పెట్టి, ఒక్కో పేరుకు ఎదురుగా ఊరి పేరు రాసి, ఆ ఊరికి మనిషిని పంపాలి.